శకుంతల పెట్టిన షరతు

శకుంతలా దుష్యంతుల కథ మహాభారతం ఆదిపర్వంలోది. అక్కడి శకుంతల అమాయకురాలు కాదు. కణ్వాశ్రమంలో రాజు గాంధర్వ వివాహం మాట ఎత్తగానే, తనకు పుట్టే కొడుకునే యువరాజును చేయాలని షరతు పెడుతుంది. రాజు ఒప్పుకున్నాకే పెళ్లి. ఆ తర్వాత కొడుకును వెంటబెట్టుకుని రాజధానికి వెళ్తే, అన్నీ గుర్తుండి కూడా దుష్యంతుడు ఆమె ఎవరో ఎరగనంటాడు. సాక్షులు లేని పెళ్లి అది. రాజు చేతిలో అధికారం ఉంది, ఆమెకు ఉన్నది మాట ఒక్కటే. ఆ మాటతోనే నిండు సభలో రాజును నిలదీస్తుంది. ఎంత ధైర్యం! ఆకాశవాణి సాక్ష్యం పలికాకే ఆయన దిగివస్తాడు. లోకం శంకిస్తుందనే అలా అన్నానంటాడు.

కాళిదాసు తన ఏడంకాల ‘అభిజ్ఞాన శాకుంతలం’లో ఆ షరతును వదిలేశాడు. దుర్వాసుడి శాపాన్ని, ఉంగరాన్ని తెచ్చాడు. శాపం వల్ల మరిచిపోయాడు కనుక రాజు తప్పు తేలికైంది. జాలరికి దొరికిన ఉంగరం చూశాక ఆయన పడే పశ్చాత్తాపం గొప్ప నాటకీయ ఘట్టం. అయినా, హక్కు అడిగిన శకుంతల అందులో కొంత మరుగున పడిందనే చెప్పాలి.

తెలుగులో నన్నయ భారతకథనే అనుసరించాడు. సత్యవాక్యం గొప్పదనాన్ని రాజుకు బోధించే శకుంతల పద్యం తెలుగువారికి సుపరిచితం. పదిహేనో శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘శృంగార శాకుంతలం’లో రెండు కథలనూ కలిపాడు. కాళిదాసు నాటకాన్ని కందుకూరి వీరేశలింగం తెనిగించాడు.