బండి కదలని వేకువ



మార్కెట్టుకు పోవలసిన బండికి తెల్లవారుజామున రెండు గంటల కాలము మిక్కిలి విలువైనది. మదనపల్లె ప్రాంతమున టమాట పండించు రైతును అడిగినచో ఈ సంగతి చెప్పును. ముందునాటి సాయంకాలము కోయించిన కాయను క్రేట్లకెత్తి, పికప్ బండిలో పేర్చి, వేలము మొదలు కాకమునుపే యార్డు చేరవలెనని అతని తహతహ. అట్టి వేళ డ్రైవరు తాళము త్రిప్పగా ఇంజను మ్రోతకు మారుగా 'టిక్కు' మని ఒక్క చిన్న చప్పుడు వినవచ్చెననుకొనుడు. దీపములు వెలుగుచునే యుండును. హారను మ్రోగుచునే యుండును. బండి మాత్రము కదలదు. "అన్నా, రాత్రి బాగానే నడిచింది కదా, పొద్దున్నే ఎందుకిట్లా చేస్తాంది?" అని డ్రైవరు అడుగును. ఇరువది యేండ్లు మోటారు మరమ్మతు షెడ్డు నడిపిన నన్ను ఈ ప్రశ్న అడిగినవారు ఎందరో. నేటి ప్రసంగము దానికి సమాధానము.

ముందుగా డీజిలు ఇంజను స్వభావమును తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజనులో విద్యుత్తు నిప్పురవ్వ ఇంధనమును రగిలించును. డీజిలు ఇంజనులో ఆ నిప్పురవ్వ లేదు. గాలిని దాని పరిమాణములో పదునారవ వంతుకో, అంతకంటె తక్కువకో నొక్కివేయగా పుట్టిన వేడిమియే డీజిలును మండించును. అంత బలముగా గాలిని నొక్కుటకు మొదట ఇంజనును త్రిప్పవలసినది, మనవారు 'సెల్ఫు' అని పిలుచు స్టార్టరు మోటారు. ఆ మోటారు కదలిన క్షణమున వందల ఆంపియర్ల కరెంటును లాగును. ముందు దీపములు రెండును కలిసి తీసికొనునది తొమ్మిది, పది ఆంపియర్లు మాత్రమే. కావుననే దీపములు వెలిగినంత మాత్రమున బ్యాటరీ బాగుగ నున్నదని తలపరాదు. బిందె అడుగున మిగిలిన నీరు గొంతు తడుపుకొనుటకు చాలును గాని మడి తడుపుటకు చాలదు.

బ్యాటరీలోపల నున్నదేమి? సీసపు పలకలు, గంధకికామ్లము కలిపిన నీరు. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన పద్ధతియే మూలసూత్రమున నేటికిని నడచుచున్నది. ఒక్కొక్క అర సుమారు 2 వోల్టులనిచ్చును. ఆరు అరలు చేరి మన 12 వోల్టుల బ్యాటరీ యగుచున్నది. కరెంటు వాడినకొలది ఆమ్లము పలకలలో చేరి సీసపు సల్ఫేటుగా మారును. చార్జి చేసినపుడు తిరిగి నీటిలోనికి వచ్చును. దిగిపోయిన బ్యాటరీని వారముల తరబడి అట్లే విడిచినచో ఆ సల్ఫేటు గట్టిపడిపోవును. అటుపిమ్మట ఎంత చార్జి చేసినను పూర్వపు బలము రాదు. 'రేపు చూతము' అను మాట బ్యాటరీ విషయమున చాల ఖరీదైనది.

ఇక వేకువజామున బండి మొరాయించినపుడు ఏమి చేయవలెను? తొందరపడి పదిమార్లు తాళము త్రిప్పుట వలదు. దీపములు వేసి, ఒకరిని ముందు నిలువబెట్టి, ఒక్కసారి సెల్ఫు కొట్టి చూడుడు. దీపములు ఒక్కసారిగా మసకబారి ఆరిపోవునట్లైన యెడల బ్యాటరీయైనను దిగియుండవలెను, టెర్మినళ్ళైనను సరిగా అంటక యుండవలెను. దీపములు ఏమాత్రము తగ్గక టిక్కుమని మాత్రము వినవచ్చినచో దోషము సెల్ఫు వైపున నుండుటకు అవకాశము హెచ్చు. ఈ చిన్న పరీక్ష వలన నిష్కారణముగా క్రొత్త బ్యాటరీ కొనుట తప్పును. పది బండ్లు నా షెడ్డుకు వచ్చినచో అందు రెండు మూడింటికి కావలసినది బ్యాటరీ కాదు. టెర్మినలు మీద పేరుకొనిన తెల్లని, పచ్చని చిలుమును తీసివేయుటయే. వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన కొంచెము వాజలీను పూసినచో చాలును. బ్యాటరీ నుండి ఇంజనుకును చాసిస్‌కును పోవు ఎర్తు వైరును కూడ చూడవలెను. దానిని మరచువారే యెక్కువ.

మల్టీమీటరు నేడు స్వల్ప ధరకే దొరకుచున్నది. బండి రాత్రియంతయు నిలిచిన పిదప కొలిచినపుడు 12.6 వోల్టులు చూపినచో బ్యాటరీ నిండుగా నున్నట్లు, 12.2 చూపినచో సగము. 12కు దిగువనున్నచో దాదాపు ఖాళీ. ఇంజను నడచుచుండగా చాలమట్టుకు బండ్లలో 13.8 మొదలు 14.5 వరకు చూపవలెను. అప్పుడును 12 దగ్గరనే నిలిచిన యెడల దోషము బ్యాటరీది కాదు. చార్జి చేయవలసిన ఆల్టర్నేటరుదో, జారుచున్న బెల్టుదో యగును. అట్టి బండికి క్రొత్త బ్యాటరీ వేసినను అదియు కొలది దినములలో దిగిపోవును.

ఒక లెక్క చెప్పెదను. 75 ఆంపియర్-గంటల బ్యాటరీ గల బండిలో ముందు దీపములు మరచి నిద్రపోయినచో ఏడెనిమిది గంటలకు అది ఖాళీ. లోపలి 5 వాట్ల చిన్న దీపము ఒక్క రాత్రి వెలిగినందువలన పెద్ద నష్టములేదు. కాని అదే దీపముతో వారము దినములు నిలిపినచో బ్యాటరీ అంతయు హరించును. పాటల పెట్టెకు, ట్రాకింగు పరికరమునకు తిన్నగా బ్యాటరీ నుండి వైరు లాగిన బండ్లు తరచుగా ఇట్లే చచ్చుబడును.

మరియొక సంగతి. మనదేశమున బ్యాటరీని చంపునది చలి కాదు, ఎండ. వేసవి వేడిమికి లోపలి నీరు ఆవిరియగును. పలకల చట్రములు తిని పోవును. అయితే ఆ దౌర్బల్యము వెంటనే తెలియరాదు. మదనపల్లె వంటి మెట్టప్రాంతమున మార్గశిర పుష్యమాసముల చలివేకువలలో నూనె చిక్కబడి, ఇంజను బరువై, బ్యాటరీలోని రసాయనచర్య మందగించినపుడు ఆ దోషము వెల్లడియగును. వేసవిలో పోయిన ప్రాణమునకు చలికాలమున సంతాపపత్రిక వచ్చునన్నమాట. కావున నీరు పోయు మూతలుగల బ్యాటరీకి వేసవిలో నెలకొకసారి నీటిమట్టము చూచి డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరునీరు పనికిరాదు. ఆమ్లము పోయుట అంతకంటె తప్పు; తగ్గినది నీరుగాని ఆమ్లము కాదు.

ఇప్పుడు మరియొక బండి సాయముతో స్టార్టు చేయు పద్ధతి చెప్పెదను. ఇది చెప్పుటకే నేడు ముఖ్యముగా వచ్చితిని. కారణము కూడ చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట ఒక డిసెంబరు వేకువ మా బంధువుల తోట దగ్గర టమాట నింపిన బండి నిలిచిపోయినది. ప్రక్క తోటవారి బండి తెచ్చినారు. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఉత్సాహముగా వైర్లు తగిలించెను. నేను "నిలువురా" అనునంతలోనే కడపటి క్లిప్పును దిగిపోయిన బ్యాటరీ మీదనే పెట్టెను. నిప్పురవ్వ లేచినది. టపాకాయ ప్రేలినట్లు బ్యాటరీ మూత బ్రద్దలై ఆమ్లము వాని ముఖముమీద పడినది. క్రేట్లు కడుగుటకు పెట్టిన డ్రమ్ములో నీరుండుట వాని అదృష్టము. రెప్పలు విప్పి పట్టుకొని, పావుగంటకు మించి నీరు పోయుచునే యుంటిమి. ఆపైన ఆసుపత్రికి తీసికొనిపోతిమి. చూపు దక్కినది. నాటి టమాట ధర ఎంతో నాకు జ్ఞాపకము లేదు. వాడు నెలరోజుల పిదప కట్టు విప్పి "మామా, కనిపిస్తాండావు" అన్న మాట మాత్రము మరువలేదు.

ఆ ప్రమాదమునకు కారణము హైడ్రోజను వాయువు. చార్జి యగు బ్యాటరీనుండి అది వెలువడును. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరినంతనే నిప్పురవ్వకు ప్రేలును. కావున క్రమము తప్పరాదు. రెండు బండ్లును 12 వోల్టులవే కావలెను. పెద్ద లారీలలో 24 వోల్టులుండును, వాటినుండి తీసికొనరాదు. బండ్లు ఒకదానినొకటి తాకరాదు. చేతి ఉంగరము, కడియము తీసివేయుడు; బీడీ, అగ్గిపుల్ల దరిచేరనీయకుడు. పగిలిన, ఉబ్బిన బ్యాటరీని ముట్టనే వలదు. మొదట ఎఱ్ఱ వైరును దిగిన బ్యాటరీ ప్లస్సుకు. దాని రెండవ కొనను మంచి బ్యాటరీ ప్లస్సుకు. పిదప నల్ల వైరును మంచి బ్యాటరీ మైనస్సుకు. కడపటి కొనను దిగిన బ్యాటరీకి కాక, ఆ బండి ఇంజనుమీద దూరముగా నున్న శుభ్రమైన ఇనుపభాగమునకు తగిలింపవలెను. అక్కడ రవ్వ లేచినను వాయువు దగ్గర నుండదు. సాయపు బండిని కొన్ని నిమిషములు నడిపి, ఆపైన సెల్ఫు కొట్టుడు. పది సెకండ్లకు మించక, నడుమ ఒకటి రెండు నిమిషములు విరామమిచ్చి. ఇంజను అందుకొనిన పిదప వైర్లను తగిలించిన వరుసకు వ్యతిరేకముగా తీయవలెను. ప్లస్సు మైనస్సు తారుమారైనచో ఆల్టర్నేటరు లోపలి డయోడ్లు, నేటి బండ్లలోని కంప్యూటరు పెట్టె క్షణములో కాలిపోవును.

'పదిమంది త్రోసినచో పోదా?' అని కొందరందురు. పాతకాలపు పంపు గల డీజిలు బండి రెండవ గేరులో అందుకొనెడిది. నేటి కామన్-రైలు ఇంజనులకు ఇంధనమును చిమ్మించుటకే విద్యుత్తు కావలెను. బ్యాటరీ పూర్తిగా చచ్చిన యెడల ఎంత త్రోసినను వ్యర్థము. వాలులో దొర్లించుట మరింత అపాయము. ఇంజను నడువనిదే బ్రేకునకు, స్టీరింగునకు సాయశక్తి యుండదు. నిండు బరువుతో దొర్లిన బండి అదుపుతప్పును.

స్టార్టయిన బండిని యార్డుకు తోలి, అచ్చట ఇంజను ఆపి మరల చిక్కుపడువారు కలరు. అరగంట ప్రయాణము ఖాళీ బ్యాటరీని నింపజాలదు. సాయంత్రము దానిని విప్పి, మొదట మైనస్సు, పిదప ప్లస్సు తీసి, నెమ్మదిగా చార్జి చేయవలెను. 75 ఆంపియర్-గంటల బ్యాటరీకి ఏడు, ఏడున్నర ఆంపియర్లు, రాత్రియంతయు, గాలి ఆడుచోట. తిరిగి అమర్చునపుడు మొదట ప్లస్సు, కడపట మైనస్సు. మైనస్సును ముందు విప్పమనుటకు కారణమేమనగా, స్పానరు పొరపాటున బండి ఇనుమునకు తగిలినను షార్టు కాకుండుటకే. చార్జి చేసిన మరునాటికే వోల్టేజి దిగజారినచో దానికి కాలము చెల్లినదని తెలియవలెను. మూడు మొదలు ఐదేండ్లు పనిచేసిన బ్యాటరీ దానివంతు చేసినట్లే. అమెరికా వంటి దేశములలో బరువైన డీజిలు పికప్పులకు రెండు బ్యాటరీలను జోడించియుందురు. అందొకటి చెడినచో రెండవదానిని కూడ క్రిందికి లాగును. కావున రెంటిని విడదీసి వేరువేరుగా పరీక్షించి, మార్చునపుడు రెంటిని కలిపి మార్చవలెను. ముసలియెద్దును, కోడెను ఒక కాడికి కట్టినచో సేద్యము సాగదు గదా!

కడపటి మాట. కాలము చెల్లిన బ్యాటరీని పెరటిలో పడవేయకుడు. సీసము కొరకు పగులగొట్టి కరగించువారికి ఇయ్యకుడు. అందులో సగముకంటె ఎక్కువ బరువు సీసమే. ఆ పొగ, ఆ ధూళి నేలలో చేరి, పసిపిల్లల చేతులనుండి నోటికి పోయి, వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. ఇంతవరకైనచో హాని లేదను హద్దు సీసము విషయమున ఎరుగబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. మనదేశమున 2022 నాటి నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులది. దుకాణములో పాతది ఇచ్చి, దానికి కట్టిన వెల తగ్గించుకొని, క్రొత్తది తెచ్చుకొనుడు. మీ తోటలో ఆడుకొను బిడ్డకు అది మీరు చేయు మేలు.

బండి ఒకపూట నిలిచిన నష్టము పూడ్చుకొనవచ్చును. కన్ను పోయిన నష్టము పూడదు. ఈ రాత్రి పడుకొనబోవుముందు బండి దగ్గరకు పోయి, దీపములు ఆర్పితిరా లేదా చూచుకొనుడు. రేపు పగటివేళ బోనెట్టు ఎత్తి టెర్మినళ్ళు చూడుడు. జంపరు వైర్లు బండిలో నున్నచో, నల్లవైరు కొన ఎక్కడ పెట్టవలెనో మీ కుఱ్ఱవానికి ఒక్కసారి చూపుడు.