సొంత ఈ-మెయిలు సర్వరు: స్థాపన, సంరక్షణ

ఉత్తరం వ్రాయటం ఒక ఎత్తు; అది చేరవలసిన చోటికి చేరటం మరొక ఎత్తు. ఈ-మెయిలు అలవాటయిన తరువాత ఈ రెండవ సంగతిని మనం దాదాపు మరచిపోయాం. మీట నొక్కుతాం, ఉత్తరం పోతుంది. అది ఏ దారిన పోయినదో, ఎవరి కొట్టులో నిలవ ఉన్నదో విచారించం. ఏవో కొన్ని పెద్ద సంస్థలు మన ఉత్తరాలను ఉచితంగా మోస్తున్నవి గదా అని ఊరుకుంటాం.

ఈ ఏర్పాటు మొదట ఇట్లా లేదు. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ ‘ఎట్’ గుర్తును నిలిపాడు. 1982లో జొనాథన్ పోస్టెల్ ‘ఎస్.ఎమ్.టి.పి.’ అనే నియమావళిని ప్రకటించాడు. ఆ నియమావళికి పెద్ద సర్వరు, చిన్న సర్వరు అనే భేదం లేదు. నియమం పాటించే ప్రతి యంత్రమూ ఒక తపాలా కచేరీయే. కనుక ఒక పాఠశాల గాని, గ్రంథాలయం గాని, గృహస్థు గాని సొంత సర్వరు పెట్టుకొనవచ్చును. ఆ వెసులుబాటు నేటికీ ఉన్నది. దానికి ఏమి కావలెనో, చిక్కులు ఎక్కడ వస్తవో, వచ్చినప్పుడు ఏ వరుసన వెదకవలెనో ఇప్పుడు చూద్దాం.

మొదట కావలసినది పేరు, అంటే డొమైను. దీనికి ఏటేటా రుసుము చెల్లించాలి. రెండవది, రాత్రింబగళ్లు పనిచేసే యంత్రం, దానికి మారని చిరునామా. ఇంటి ఇంటర్నెట్‌తో ఇక్కడే రెండు ఆటంకాలు వస్తవి. ఇంటి కనెక్షను చిరునామా తరచు మారుతూ ఉంటుంది. పైగా సర్వర్ల మధ్య ఉత్తరాలు నడిచే 25వ నంబరు పోర్టును చాలా కంపెనీలు ఇళ్లకు మూసివేస్తవి. అందుచేత ఎక్కువమంది చిన్న సర్వరును అద్దెకు తీసుకుంటారు. అద్దెకిచ్చే కంపెనీలలో కూడా కొన్ని, అడిగినదాకా ఆ పోర్టును తెరవవు. సొమ్ము కట్టకముందే ఆ సంగతి అడిగి తెలుసుకొనటం మంచిది.

తరువాత ప్రోగ్రాములు. వీట్సా వెనెమా ఐ.బి.ఎమ్. పరిశోధనాలయంలో ఉండగా రచించి 1998లో విడుదల చేసిన ‘పోస్ట్‌ఫిక్స్’ ఉత్తరాలను తెచ్చి ఇచ్చే బంట్రోతు వంటిది. టిమో సిరైనెన్ రచించగా 2002లో వెలువడిన ‘డవ్‌కాట్’, వచ్చిన ఉత్తరాలను ఎవరి అరలో వారివి పెట్టి, అడిగినవారికి అందించే గుమాస్తా వంటిది. రెండూ ఉచితమే. వీటిని అమర్చటం ఓపిక గలవారికి ఒకటి రెండు రోజుల పని. ఒక జాగ్రత్త మాత్రం మొదటి గడియ నుంచే ఉండాలి. సంకేతపదం చెప్పనివారి ఉత్తరాలను మన సర్వరు బయటివారికి మోయకూడదు. ఆ తలుపు తెరిచి ఉంచితే చెత్త ఉత్తరాలు పంపేవారు దానిని వెదకి పట్టుకుంటారు. అపకీర్తి మనకు మిగులుతుంది.

యంత్రం నడిచినంత మాత్రాన పని పూర్తికాదు. ‘ఈ కొత్త సర్వరు ఎవరిది? నమ్మదగినదేనా?’ అని లోకం అడుగుతుంది. దానికి సమాధానాలు డొమైను పట్టికలో వ్రాసిపెట్టాలి. ఈ పేరుకు వచ్చే ఉత్తరాలను ఏ యంత్రానికి ఇవ్వవలెనో ‘ఎమ్.ఎక్స్.’ నమోదు చెబుతుంది. ఈ పేరున ఉత్తరాలు పంపే అధికారం ఏ యంత్రాలకు ఉన్నదో ‘ఎస్.పి.ఎఫ్.’ చెబుతుంది. ‘డి.కె.ఐ.ఎమ్.’ అనేది ప్రతి ఉత్తరం మీదా వేసే ముద్ర; దారిలో అక్షరం మారినా ముద్ర సరిపోదు. పరీక్షలో తప్పిన ఉత్తరాన్ని ఏమి చేయవలెనో ‘డీమార్క్’ తెలుపుతుంది. ఇవిగాక, అంకెల చిరునామా నుంచి పేరును వెనుకకు చూపే ‘పి.టి.ఆర్.’ నమోదు ఉన్నది. ఇది మన డొమైను పట్టికలో ఉండదు. చిరునామా ఇచ్చిన కంపెనీ చేత వ్రాయించుకోవాలి. చాలామంది మరచేది దీనినే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిలుకు రోజుకు అయిదు వేలకు పైగా ఉత్తరాలు పంపేవారు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎమ్., డీమార్క్ మూడూ పెట్టుకొని తీరాలని గూగుల్ నిబంధన విధించినది. చిన్నవారికి మొదటి రెండింటిలో ఒకటి చాలునన్నారు గాని, మూడూ పెట్టుకొనటమే క్షేమం.

ఇక చిక్కుల సంగతి. ఒక గ్రంథాలయ సంఘం తన సర్వరు నుంచి సభ్యులకు సమావేశపు ఆహ్వానాలు పంపినదనుకొందాం. ఒకరికి అందలేదు. కంగారుపడి అమరికలను మార్చవద్దు. ముందుగా సర్వరు వ్రాసుకొనే చిట్టా, అంటే లాగు, చదవాలి. అవతలి సర్వరు ఇచ్చిన మూడంకెల జవాబు అందులో ఉంటుంది. 2తో మొదలయితే వారు ఉత్తరం పుచ్చుకున్నారన్న మాట. అప్పుడు లోపం దారిలో లేదు. ఆ సభ్యుణ్ణి స్పాము అర చూసుకొమ్మని చెప్పాలి. 4తో మొదలయితే ‘ఇప్పుడు కాదు, మళ్లీ రమ్మని’ అర్థం. కొందరు కొత్తవారిని మొదటిసారి కావాలనే ఇట్లా త్రిప్పిపంపుతారు. సవ్యమైన సర్వరు కొంతసేపాగి మళ్లీ వెళుతుంది. మనం చేయవలసినది ఓపిక పట్టటమే. 5తో మొదలయితే అది ఖండితమైన నిరాకరణ. దాని ప్రక్కనే సాధారణంగా కారణం కూడా ఉంటుంది: చిరునామా తప్పు, పి.టి.ఆర్. లేదు, లేదా మన అంకెల చిరునామా నిషేధపు పట్టికలో ఉన్నది. ఆ పట్టిక నిర్వాహకులకు విన్నవించుకోవచ్చును. అయితే లోపం దిద్దుకున్న తరువాతనే విన్నవించాలి.

బయటి నుంచి ఉత్తరాలు రావటమే లేదంటే వెదకే వరుస వేరు. ఎమ్.ఎక్స్. నమోదు సరిగా ఉన్నదా, 25వ పోర్టు తెరిచి ఉన్నదా, డిస్కులో చోటు ఉన్నదా అని చూడాలి. డిస్కు నిండితే ఎంతటి సర్వరయినా ఉత్తరాన్ని గుమ్మంలోనే ఆపుతుంది. ఉత్తరాలు వస్తున్నా ఫోనులో తెరుచుకొనకపోతే, భద్రతా ధ్రువపత్రం గడువు తీరినదేమో చూడాలి. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ ఈ పత్రాలను ఉచితంగా ఇస్తున్నది గాని, వాటికి గడువు కొద్దినెలలే. ఒక రోజు సర్వరు ఆగిపోయినా భయపడనక్కరలేదు. పంపినవారి సర్వర్లు వెంటనే ఆశ వదులుకోవు. సాధారణంగా నాలుగైదు రోజులదాకా ప్రయత్నిస్తూనే ఉంటవి.

నిజంగా భయపడవలసినవి వేరే రెండు ఉన్నవి. ఒకటి, నకలు లేకపోవటం. డిస్కు చెడితే ఏళ్ల తరబడి కూడిన ఉత్తరాలు ఒక్కపూటలో పోతవి. మరొక చోట నకలు ఉంచటమేగాక, ఆ నకలు నుంచి ఉత్తరాలు తిరిగి వస్తున్నవో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. రెండవది, డొమైను రుసుము కట్టటం మరచిపోవటం. గడువు దాటి ఆ పేరు మరొకరి చేతిలో పడితే, మనకు వచ్చే ఉత్తరాలు వారికి అందుతవి. బ్యాంకు సంకేతపదాలను మార్చుకొనటం సైతం ఈ-మెయిలు మీదనే ఆధారపడిన రోజులివి. పేరు పోవటమంటే తాళంచెవి పోవటమే.

ఇన్ని బాధలు పడి ఇది ఎందుకని అడుగవచ్చును. మన ఉత్తరాలు మన కొట్టులో ఉంటవి. ఏది ఎన్నాళ్లుంచవలెనో నిర్ణయించేది మనమే. తెలుగువారికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైను ఉన్నది. ఇంగ్లీషేతర లిపులలో ఈ-మెయిలు చిరునామాలకు నియమాలు 2012లో వెలువడినవి. పోస్ట్‌ఫిక్స్ 2015 నుంచి వాటిని పాటిస్తున్నది. అవతలి సర్వరు కూడా అంగీకరించవలె గాని, మన వైపు తలుపు తెరవటం మన చేతిలోనే ఉంటుంది.

అందరూ ఈ పని చేయాలని నేను అనను. తీరికలేనివారు నమ్మకమైన సంస్థకు రుసుమిచ్చి, సొంత డొమైను మాత్రం తమ పేరున ఉంచుకొన్నా చాలును. ఎప్పుడయినా కొట్టు మార్చుకొనవచ్చును. సంఘాలు పూనుకుంటే మాత్రం పని తెలిసినవారు ఇద్దరయినా ఉండాలి. మొదట ఒక అదనపు చిరునామాతో ఆరు నెలలు నడిపి, ఆ పిదప ముఖ్యమైన ఉత్తరాలను అప్పగించాలి. ఎవరయినా తపాలా కచేరీ పెట్టుకొనవచ్చునన్న ఏర్పాటు, పెట్టుకొనేవారు కొందరయినా ఉన్నంతకాలమే నిలుస్తుంది.