ఫెంగ్‌షుయ్: గాలి, నీరు, ప్రాణశక్తి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం నాకు అప్పగిస్తూ కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "మన వాస్తు గొప్పదా, చైనావారి ఫెంగ్‌షుయ్ గొప్పదా అనే తగవులోకి దిగకండి. అసలదేమిటో చెప్పండి చాలు" అన్నారు. షరతు న్యాయమైనదే. మనలో చాలామంది చేతికి పెద్ద మొత్తం అనేది జీవితంలో ఒక్కసారే వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము బ్యాంకులో పడిన నెలలోపే సలహాదారులు ఇంటికి వస్తారు. ఒకరు మెట్లు పడగొట్టి ఇంకో వైపు కట్టమంటారు. ఒకరు వీధి తలుపు మూసేయమంటారు. ఇంకొకరు మెట్ల జోలికి పోకుండా గుమ్మానికి గంటలు, అల్మైరాలో కప్పబొమ్మ చాలంటారు. ఇందులో మూలవిద్య ఎంత, అమ్మకం సరుకు ఎంత అన్నది విడదీసి చూసుకోవడం మనకు అవసరం. నేను కట్టడాల పనిలో ముప్పై ఏళ్ళకు పైగా గడిపినవాణ్ణి. జ్యోతిషం నాకు రాదు. గాలి, వెలుతురు, నీటి వాలు సంగతి కొంత తెలుసు. ఆ మేరకే మాట్లాడతాను.

ఫెంగ్ అంటే గాలి. షుయ్ అంటే నీరు. ఇందులో ఇంద్రజాలమేమీ లేదు. ఈ విద్యకు మూలంగా చెప్పుకునే పాత గ్రంథం ఒకటి ఉంది. గువో పు అనే పండితుడి పేరున చలామణి అవుతున్నది. ఆయన కాలం క్రీ.శ. 276 నుంచి 324 వరకు. వినడానికి వింతగా ఉంటుంది గాని అది ఇళ్ళ గురించిన పుస్తకం కాదు, సమాధుల గురించిన పుస్తకం. పెద్దల అస్థికలను మంచి స్థలంలో ఉంచితే ఆ స్థలబలం పిల్లల వంశానికి అందుతుందని చైనావారి నమ్మకం. ఆ స్థలబలం గాలికి చెదిరిపోతుంది, నీటి ఒడ్డున ఆగుతుంది, కనుక గాలి కొట్టని చోటు, నీరు చేరువైన చోటు చూసుకోవాలి అన్నది అందులోని సారాంశం. ఫెంగ్‌షుయ్ అనే పేరుకు ఆధారం అదే. బతికున్నవారి ఇళ్ళకూ ఇదే లెక్క వర్తింపజేశారు.

చెదిరిపోయేది, ఆగేది ఏమిటి? దాని పేరు చీ. మనం విసుగుతో అనే 'ఛీ' కాదు సుమండీ! పాత పద్ధతిలో ఆ మాట రాస్తే అక్షరంలో ఒక భాగం ఆవిరికి గుర్తు, రెండో భాగం బియ్యానికి గుర్తు. అన్నం ఉడికేటప్పుడు మూత ఎత్తితే పైకి లేచే ఆవిరిని తలచుకోండి, భావం సగం పట్టుబడుతుంది. ఇప్పటికీ చైనా భాషలో వాతావరణానికి, మనం పీల్చే గాలికి, చివరికి కోపం రావడానికి వాడే మాటల్లో కూడా ఈ 'చీ' ఉంది. అనగా అది ఒక్క శరీరంలోదే కాదు. కొండలో ఉంది, నేలలో ఉంది, రుతువులో ఉంది, మనిషి ఊపిరిలో ఉంది.

మనవాళ్ళు దీన్ని 'ప్రాణశక్తి' అని అనువదించేస్తున్నారు. దగ్గరి మాటే గాని అచ్చంగా అదే కాదు. ప్రాణం, అపానం, వ్యానం, ఉదానం, సమానం అని మన పెద్దలు లెక్కపెట్టినవి ముఖ్యంగా దేహంలోని వాయువులు. చైనావారి చీ దేహానికీ దేశానికీ ఒకటే. వారి సూదుల వైద్యం, తాయ్‌చీ వ్యాయామం, ఈ స్థలవిద్య మూడూ ఆ ఒక్క భావం మీదే నిలిచాయి. వేగంగా దూసుకువచ్చే చీ హాని చేస్తుందని, కదలకుండా నిలిచిపోయినది కుళ్ళుతుందని, మెల్లగా వంకలు తిరుగుతూ వచ్చేది మేలు చేస్తుందని వారి అభిప్రాయం. మన కాలువ లస్కర్లను అడిగితే నీటి గురించి ఇంచుమించు ఇదే చెబుతారు.

ఇక మంచి స్థలం ఎలా ఉండాలి? మన పడక్కుర్చీని తలచుకోండి. వీపు వెనుక ఎత్తు, రెండు పక్కలా చేతులు, ముందు ఖాళీ. దక్షిణ ముఖంగా ఉన్న ఇంటికి వెనుక ఉత్తరాన ఎత్తయిన కొండ ఉండాలి, దాని పేరు నల్ల తాబేలు. ఎడమన, తూర్పు వైపు నీలి డ్రాగన్. కుడివైపు పడమట తెల్ల పులి. ముందు ఎర్ర పక్షి, అంటే తెరపిగా ఉన్న నేల, దాని మీదుగా వంకతిరిగిన నీరు.

బీజింగులోని నిషిద్ధ నగరం దీనికి మంచి ఉదాహరణ. 1406 నుంచి 1420 వరకు కట్టిన రాజప్రాసాదం అది. బల్లపరుపు నేల. వెనుక కొండ లేదు. కందకం తవ్విన మట్టిని ఉత్తరాన కుప్పపోసి సుమారు 45 మీటర్ల గుట్టను కట్టారు. ముందువైపు వంపుగా ఒక కాలువ పారించారు. శాస్త్రం కోసం చేశారని పండితులంటారు. తవ్విన మట్టిని ఎక్కడ పోయాలన్నది ప్రతి సైటు ఇంజనీరుకూ తలనొప్పే కనుక నాకు మాత్రం ఆ గుట్టను చూస్తే ముచ్చటేస్తుంది!

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ నియమం చైనాలో ఎందుకు పుట్టింది? బీజింగు దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శీతకాలంలో సైబీరియా వైపునుంచి ఎముకలు కొరికే గాలి వస్తుంది. డిసెంబరు చివర మధ్యాహ్నం వేళ కూడా సూర్యుడు దక్షిణాన 27 డిగ్రీల ఎత్తు దాటడు. ఉత్తరాన అడ్డు, దక్షిణాన కిటికీ లేకపోతే మనిషి బతకడం కష్టం. బీజింగు పాత మండువా ఇళ్ళలో ఉత్తరాన దక్షిణముఖంగా ఉండే పెద్ద గది ఇంటి పెద్దలది. అన్నిటికంటే ఎండ తగిలే గది ముసలివాళ్ళకు ఇచ్చారు. ఆ ఏర్పాటు మన సంఘం తీర్మానం చేసినట్టే ఉంది.

మన దగ్గర లెక్క వేరు. విజయవాడ పదహారున్నర డిగ్రీల మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మనల్ని మాడ్చేది దక్షిణపు కిటికీ కాదు, పడమటి గోడ, డాబా కప్పు. వడగాలి పడమర, వాయవ్యాలనుంచి కొడుతుంది. కోస్తాలో సాయంత్రం ప్రాణం లేచొచ్చే గాలి సముద్రం మీదనుంచి, తూర్పు ఆగ్నేయాలనుంచి వస్తుంది. మన కవులు మలయమారుతమని మురిసిపోయింది దక్షిణపు గాలినే. అయినా దక్షిణ సింహద్వారమంటే యమదిక్కని మనవాళ్ళు భయపడతారు, చైనావారు అదే శ్రేష్ఠమంటారు. ఇద్దరి పుస్తకాలూ తెచ్చి ఒకే ఇంటి మీద పెడితే ఆ ఇంటికి తలుపు పెట్టే చోటే మిగలదు. అమ్మాయి దగ్గరికో అబ్బాయి దగ్గరికో ఆస్ట్రేలియా వెళ్ళివచ్చిన సభ్యులు ఇక్కడ ఉన్నారు. అక్కడ సూర్యుడు ఉత్తరపు వైపునుంచి పోవడం వారు చూసే ఉంటారు. ఆ దేశంలో దిక్కులను తిరగేయాలా వద్దా అని ఫెంగ్‌షుయ్ నిపుణుల్లోనే భేదాభిప్రాయాలున్నాయి.

మిగిలిన సిద్ధాంతం త్వరగా చెప్పేస్తాను. యిన్ అంటే నీడ, చల్లదనం, నిశ్చలత. యాంగ్ అంటే వెలుగు, వేడి, చలనం. రెండూ పాళ్ళలో ఉండాలి. మన పంచభూతాల్లో గాలి, ఆకాశం ఉంటే, వారి ఐదింటిలో వాటి బదులు చెట్టు, లోహం ఉన్నాయి. చెట్టు నిప్పుకు, నిప్పు మట్టికి, మట్టి లోహానికి, లోహం నీటికి, నీరు చెట్టుకు పుట్టుక. అలాగే నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, ఈ వరసన ఒకదాన్నొకటి అదుపు చేస్తాయి. పద్ధతులు రెండు. కొండలు, నీళ్ళ ఆకారం చూసేది ఒకటి. చుట్టూ వలయాలుగా గుర్తులు రాసిన లువోపాన్ అనే దిక్సూచితో లెక్కలు కట్టేది రెండోది. అందులో దిక్కులు ఎనిమిది కాదు, ఒక్కొక్కటి పదిహేను డిగ్రీల చొప్పున ఇరవైనాలుగు. పుట్టిన సంవత్సరాన్నిబట్టి ఒక్కొక్కరికి నాలుగు మంచి దిక్కులు, నాలుగు చెడ్డ దిక్కులు చెప్పే పద్ధతి కూడా ఒకటుంది. భార్యాభర్తల దిక్కులు కలవకపోతే మంచం ఎటు వేయాలో మీరే ఆలోచించుకోండి.

ఈ విద్యను ప్రశ్నించినవాళ్ళు విదేశీయులే అనుకోవద్దు. మొదటి శతాబ్దంలోనే వాంగ్ చోంగ్ అనే చైనా తార్కికుడు, ఇంటిపేరు ఉచ్చారణనుబట్టి వాకిలి దిక్కు నిర్ణయించడాన్ని గేలిచేశాడు. పదకొండో శతాబ్దపు మహాచరిత్రకారుడు, మంత్రి పదవి చేసిన సిమా గ్వాంగ్ చెప్పిన సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. తండ్రి ఖననం సమయంలో బంధువులంతా స్థలసిద్ధాంతిని పిలవాల్సిందేనని పట్టుబట్టారు. అన్నగారు సరేనని, పక్క ఊరి జాంగ్ అనే సిద్ధాంతిని పిలిపించి ఇరవై వేల కాసులు ఇస్తానన్నాడు. మామూలుగా పల్లెల్లో అతడికి ముట్టేది వెయ్యికి మించదు. షరతు ఒకటే, తాను చెప్పినట్టు చెప్పాలి. రోజు, వేళ, గొయ్యి లోతు, దారి అన్నీ ఇంటివారికి వీలైనట్టు అన్నగారే నిర్ణయించారు. సిద్ధాంతి దానికి గ్రంథప్రమాణాలు తగిలించి 'దివ్యంగా ఉంది' అన్నాడు. బంధువులు సంతోషించారు. తర్వాత ఏమైంది? ఇది రాసేనాటికి అన్నగారికి 79 ఏళ్ళు, పెద్ద హోదాలో రిటైరై ఉన్నారు. తనకు 66. ఇద్దరికీ ఏ లోటూ రాలేదని సిమా గ్వాంగ్ లెక్క చూపించాడు. ఆ పుస్తకాలను నిషేధించమని రాజుగారికి అర్జీ కూడా పెట్టుకున్నాడు. పైవాళ్ళు పట్టించుకోలేదు. అర్జీల సంగతి మనకు కొత్తేమీ కాదు కదా.

1949 తర్వాత చైనా ప్రభుత్వం దీన్ని మూఢనమ్మకాల కింద జమకట్టి అణచివేసింది. హాంకాంగ్, తైవాన్, సింగపూర్లలో నిలిచింది. 2005లో తెరిచిన హాంకాంగ్ డిస్నీలాండ్‌కు ప్రధానద్వారాన్ని సలహాదారుల మాటపై 12 డిగ్రీలు తిప్పారు. అక్కడినుంచి అమెరికా మీదుగా మన గిఫ్టుషాపులకు చేరిన సరుకు వేరు. పొట్ట వేసుకుని నవ్వే బొమ్మ గౌతమ బుద్ధుడిది కాదు, బుడాయ్ అనే చైనా భిక్షువుది. 'అదృష్టపు వెదురు' అసలు వెదురే కాదు, ఆఫ్రికాకు చెందిన డ్రసీనా మొక్క. గువో పు పేరున ఉన్న గ్రంథంలో కొండలు, గాలి, నీళ్ళు ఉన్నాయిగాని మూడుకాళ్ళ కప్ప లేదు. సరదాకు కొనుక్కుంటే తప్పులేదు. కాని ఆ మొక్క గాజుసీసాలో, బల్లమీది ఫౌంటెనులో నీరు మార్చకపోతే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నిలవ నీరు చెడ్డదని ఫెంగ్‌షుయ్ చెప్పిన మాట అక్కడ అక్షరాలా నిజం.

పరికరం పట్టుకొచ్చి 'మీ ఇంటి శక్తి కొలుస్తాం' అనేవాళ్ళు ఉన్నారు. భౌతికశాస్త్రంలో శక్తికి జౌల్ అనే కొలత ఉంది. చీకి అలాంటి కొలత లేదు, దాన్ని కొలిచిన మీటరూ లేదు. బీపీ, షుగరు మాత్రల స్థానంలో మంచం దిక్కు మార్చుకోమని ఎవరైనా అంటే ఆ మనిషిని గేటుదాకా సాగనంపండి. మెట్లు, బీములు కదిలించమంటే ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి, ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. పిల్లలతో కూడా ఒక మాట చెప్పండి.

దీనిలో మనం తీసుకోదగినది లేదా? ఉంది. వీధి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, దాని వెనుక చెప్పుల స్టాండు, పాత పేపర్ల కట్టలు ఉండరాదు. మంచంనుంచి స్నానాలగదికి పోయే దారిలో పీట, వైరు, జారే పట్టా ఉండకూడదు. చీ సాఫీగా నడవాలని వారంటారు, రాత్రి రెండింటికి లేచిన మనిషి సాఫీగా నడవాలని నేనంటాను. పడుకున్నచోటునుంచి గుమ్మం కనబడాలన్న నియమం కూడా మంచిదే. ఎవరొస్తున్నారో తెలిస్తే నిద్ర కుదురుగా పడుతుంది.

ఇందాక ఒక సభ్యులు చీటీ పంపారు. 'మా ఇంటికి వీధిపోటు ఉంది, చైనావారు ఏం చేస్తారు?' అని. తిన్నగా వచ్చే దారి చెడ్డదని వారూ అంటారు. అలాంటి చోట 'షి గాన్ దాంగ్' అని చెక్కిన రాయి నిలబెడతారు, మనం గోడలో వినాయకుణ్ణి పెట్టినట్టు. వాహనం అదుపు తప్పితే వచ్చేది మీ గోడ మీదికే, వానాకాలంలో వీధి నీరు వచ్చేదీ మీ గేటులోకే. కనుక వినాయకుణ్ణి ఉంచండి. ఆ గోడను మాత్రం కాంక్రీటుతో గట్టిగా కట్టించి, గేటు ఒక పక్కకు పెట్టించి, ముందు కాలువకు వాలు సరిచేయించండి. రాత్రి బండ్ల హెడ్‌లైట్లు పడకుండా లోపల మందార కంచె వేసుకోండి. పడకగది ఆ వైపు ఉంటే వెనక్కి మార్చుకోండి. ఇల్లు అమ్మనక్కరలేదు.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. లైఫ్ సర్టిఫికెట్ల విషయం కోశాధికారిగారు చెబుతారు. సెలవు.