ఆఫీసు పందెంలో న్యాయమెంత?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రికెట్ సీజను వచ్చిందంటే మన ఆఫీసుల్లో చాయ్ వేళకు ఒక కాగితం తిరుగుతుంది. తలా వంద రూపాయలు వేస్తారు, గెలిచే జట్టు పేరు రాస్తారు. సరిగ్గా చెప్పినవారు మొత్తం పంచుకుంటారు. "అందరికీ ఒకటే రూలు, ఇందులో అన్యాయమేముంది మాస్టర్ సాబ్?" అని మా పాత విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు.

మజహబ్ మాట తర్వాత, ముందు లెక్క చూద్దాం. డబ్బు పోగుచేసేవాడే పందెమూ కాస్తే, అందరి జవాబులూ చూసి తనది చివర రాసుకుంటాడు. టాస్ పడకముందు రాసినవాడు, పడ్డాక రాసినవాడు సమానమెట్లా అవుతారు? ఉప్పల్ స్టేడియంలో కూర్చున్నవాడు చూసిన బంతి, ఇంట్లో టీవీకి కొన్ని సెకన్ల తర్వాత గాని రాదు. ఆ సెకన్ల మీద కూడా సొమ్ము చేసుకునేవాళ్లున్నారు. 2013 ఐ.పి.ఎల్.లో చెన్నై జట్టు అధికారే పందేలు కాశాడని 2015 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడు జూలైలో ఆ జట్టును రెండేళ్లు ఆటకు దూరంగా ఉంచారు. లోపలి సంగతి తెలిసినవాడి ముందు బయటివాడి తెలివి ఏపాటిది?

సరే, ఈ లోపాలన్నీ సరిచేద్దాం. అందరికీ ఒకే గడువు, మూసిన చీటీలు, పందెం కాయని ఖజాంచీ. అయినా ఒకటి మిగిలిపోతుంది. ఆఫీసరుగారి వంద, అటెండరు వంద ఒకటి కావు. ఆయనకది చాయ్ ఖర్చు. ఇతనికి ఇంట్లో ఒక పూట కూర, పిల్లవాడి నోటుబుక్కులు. కాగితం తెచ్చింది పై అధికారే అయితే "నాకొద్దు సాబ్" అనగలడా? రూలు సమానమే గాని, మనుషుల స్థితి సమానం కాదు.

ఖిమార్‌ను దీన్ ఎందుకు వద్దన్నదో ఇక్కడ తెలుస్తుంది. ఒకడి గెలుపు ఇంకొకడి నష్టం నుంచే వస్తుంది. చట్టమూ అదే దారిన నడిచింది. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులో చేర్చారు. 2025లో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

మరి సరదా వద్దా? ఉండాలి. ఎవరూ పైసా వేయకుండా జవాబులు రాయండి. గెలిచినవారికి ఆఫీసు తరఫున ఒక మంచి పుస్తకం, అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అప్పుడు అటెండరు ఆఫీసరుగారిని ఓడించినా అందరూ కలిసి నవ్వుకుంటారు, ఎవరింట్లోనూ కూర తగ్గదు.

ఇదే మా మనవి. ఖుదా హాఫిజ్.