పాత పిస్తోలు: విప్పుట, కూర్చుట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల సభలో పిస్తోలు మాట యేల యని మీరు శంకింపవచ్చును. తాళపత్రము వలెనే పాత ఆయుధము కూడ చరిత్రకు సాక్షి. సాక్షికి స్నానము చేయించుట వేరు, సాక్ష్యమును చెరపివేయుట వేరు. ఈ భేదమును మౌజరు పిస్తోలు ఆధారముగా మనవి చేసెదను.

జర్మనీ దేశమున ఓబెర్న్‌డార్ఫ్ కర్మాగారములో ఫీడర్లే సోదరులు దీనిని రూపొందించిరి. 1896 మొదలు 1937 వరకు ఇది తయారయ్యెను. పిడి చెక్కలను పట్టియుంచు మర తప్ప దీనిలో వేరొక మర కానరాదు. తక్కిన భాగములన్నియు ఒకదాని గాడిలో నొకటి యిమిడి నిలుచును. సంధి తెలిసినవాడే పదమును విడదీయగలడు. ఈ కూర్పు తెలిసినవాడే దీనిని విప్పవలెను.

మొట్టమొదట గుండ్ల అరయు, గొట్టపు మొదలును ఖాళీగా నున్నవని కంటితో చూడవలెను. ఇతరుల మాట నమ్మరాదు. పిమ్మట అడుగు పలకను జార్చి, అందలి స్ప్రింగును తీయవలెను. సుత్తిని వెనుకకు లాగి నిలిపి, దాని క్రిందనున్న గొళ్లెమును పైకి నొక్కినచో, గొట్టముతో కూడిన పైభాగము వెనుకకు జారి వచ్చును. అప్పుడు సుత్తి గల చట్రమును, గొట్టమును బోల్టును బంధించు చిన్న దిమ్మయు విడివడును. సూదిని లోనికి నొక్కి పావు చుట్టు త్రిప్పినచో వెలికి వచ్చును. విప్పిన వరుసలోనే గుడ్డపై పేర్చి, తిరుగు వరుసలో కూర్చవలెను. ఆ చిన్న దిమ్మను మరువరాదు. ప్రేలునప్పుడు బోల్టును పట్టియుంచునది అదియే.

ఇక శుభ్రత. పూర్వపు తూటాలు కాలిన పిదప గొట్టమున ఒక లవణము మిగులును. అది గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేయును. నూనెలో అది కరగదు, నీటిలో కరగును. కావున ముందు వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పిదప పలుచగా నూనె పూయవలెను. తోలు సంచిలో దాచరాదు. తోలు తేమను పట్టియుంచును. గరుకు కాగితముతో మెరుగుపెట్టుట మాత్రము మహాపరాధము. పైనున్న నీలివన్నెయు, ముద్రించిన అంకెలును దానితో నశించును. పెక్కు భాగములపై ఒకే సంఖ్య పూర్తిగనో, కొంతగనో యుండును. ఒకదాని భాగము వేరొకదానిలో చేర్చుట, ఒకరి పొలమును ఇంకొకరి పట్టాలో వ్రాయుట వంటిది.

ఆ సంఖ్య విలువ యెంతయో కలకత్తా చరిత్ర చెప్పును. 1914 ఆగస్టు 26న రొడ్డా కంపెనీకి వచ్చిన 50 మౌజరు పిస్తోళ్లను, 46,000 తూటాలను విప్లవకారులు అపహరించిరి. ప్రతి పిస్తోలు సంఖ్యయు కంపెనీ లెక్కలలో నుండెను. తరువాత వంగదేశమున పట్టుబడిన పిస్తోళ్లను ఆ సంఖ్యలనుబట్టియే గుర్తించిరి. 1915 సెప్టెంబరు 9న బాలాసోరు చెంత జతీంద్రనాథ ముఖర్జీయు, ఆయన అనుచరులును మౌజరు పిస్తోళ్లతోనే పోరాడిరి. అట్టి పిస్తోలుపై అంకెను అరగదీసినవాడు దానిని వట్టి యినుముగా మార్చినవాడగును.

మన దేశమున తుపాకులు 1959 నాటి ఆయుధముల చట్టమునకు లోబడినవి. కాని ఈ నీతి ఆయుధముతో ఆగదు. మన పాత గ్రంథములకు కొత్త అట్టలు కట్టించునపుడు, లోపలి ముద్రను, వరుస సంఖ్యను, దాత చేవ్రాలును కత్తిరింపనీయకుడు. దుమ్ము పోవలెను; గురుతు నిలువవలెను.