మందుల దుకాణం వెనుక ఎవరున్నారు?

(గోపాల్‌పేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం నలుగురం కలిస్తే ముందు డి.ఎ. గురించి, తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఆ రెండింటినీ కలిపేది మందుల బిల్లు. పెన్షను చేతికి రాగానే మనలో చాలామంది మొదట తీసి పక్కన పెట్టేది బి.పి., షుగరు మాత్రల డబ్బే. ఆ డబ్బు ఎవరెవరి చేతుల్లోకి పోతున్నది, ఆ చేతులన్నీ ఒకరివే అయితే మనకేమవుతుంది అన్న విషయాన్ని ఈరోజు మీ ముందుంచుతాను.

కంపెనీలో తయారైన మాత్ర ముందుగా స్టాకిస్టుకు, అక్కడి నుండి చిల్లర దుకాణానికి, ఆ తర్వాత మనకు చేరుతుంది. ప్రభుత్వం ధర కట్టిన మందులపై టోకు వ్యాపారికి 8 శాతం, చిల్లర వ్యాపారికి 16 శాతం మార్జిను నడుస్తున్నది. మిగతా వాటిపై ఆనవాయితీగా 10, 20 శాతం. 1995 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తయారీ ఖర్చును బట్టి ధర కట్టేవారు. 2013 ఉత్తర్వుతో ఆ పద్ధతి మారింది. మార్కెట్టులో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నింటి ధరల సగటు తీసి, దానికి 16 శాతం కలిపి గరిష్ఠ ధర నిర్ణయిస్తున్నారు. అంటే పోటీ గట్టిగా ఉంటే సగటు దిగుతుంది. పోటీ లేకుంటే ప్రభుత్వం కట్టిన ధర కూడా పైనే నిలుస్తుంది. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం వరకు పెంచుకునే వీలున్నది. కనుక మనకు అసలు రక్ష పోటీయే.

అయితే మందుల పోటీ కూరగాయల అంగడి వంటిది కాదు. అంగడిలో వంకాయలు బాగా లేకుంటే పక్క గంప దగ్గరికి పోతాం. మందు విషయంలో ఎంచేది డాక్టరు, కొనేది మనం. చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు బదులుగా అదే మూలపదార్థమున్న వేరే కంపెనీ మందు ఇవ్వడానికి ఔషధ నిబంధనలలోని 65వ నిబంధన ఒప్పుకోదు. డాక్టర్లు జనరిక్ పేరుతో రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నియమం తెచ్చి, ఆ నెలలోనే దాన్ని నిలిపివేసింది.

మరి చీటీ రాసే ఆసుపత్రి, మందులమ్మే దుకాణం ఒకరివే అయితే? నా భార్య ఆపరేషనుకు హైదరాబాదు పోయినప్పుడు, మందులు లోపలి దుకాణంలోనే తేవాలన్నారు. బయటివి తెస్తే మేము వాడబోమన్నారు. రాత్రిపూట, మనిషి మంచం మీద ఉండగా ఎవరు వాదిస్తారు? నోరు మూసుకొని తెచ్చాను. మీలో ఎంతమందికి ఇటువంటి అనుభవం ఉన్నదో చేతులెత్తమంటే సభ మొత్తం ఎత్తుతుందేమో!

ఇది నా ఒక్కడి గోడు కాదు. ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించిన జాతీయ ఔషధ ధరల సంస్థ, కొన్నింటిపై 1,737 శాతం దాకా లాభం వేసుకున్నారని 2018 ఫిబ్రవరిలో వెల్లడించింది. పెద్ద ఆసుపత్రుల లోపలి దుకాణాలకు పోటీ లేదని కాంపిటీషన్ కమిషన్ అదే ఏడాది అక్టోబరులో తన విధాన పత్రంలో చెప్పింది. ఇటువంటి నిర్బంధంపై దాఖలైన పిటిషనును 2025 మార్చి 4న సుప్రీంకోర్టు ముగించింది. తాను నేరుగా ఆదేశమివ్వక, తగిన విధానం చూసే పనిని రాష్ట్రాలకు వదిలింది. కాబట్టి మనం అడగవలసింది మన రాష్ట్ర ప్రభుత్వాన్నే.

ఆసుపత్రితో పాటు టోకు వ్యాపారం కూడా ఒకే గూటికి చేరుతున్నది. ఆసుపత్రులు, మందుల దుకాణాలు, ఇంటికి పంపే సదుపాయం ఉన్న అపోలో సంస్థ, టోకు మందుల సంస్థ కీమెడ్‌ను తన హెల్త్‌కోలో కలుపుకుంటామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. పెద్దదైనంత మాత్రాన చెడ్డదని నేననను. ఎక్కువ మొత్తంలో కొనేవారు తక్కువకు ఇవ్వగలరు. 2006లో హైదరాబాదులో మొదలైన మెడ్‌ప్లస్, 2023లో సొంత పేరుతో మందులు తెచ్చి 50 నుండి 80 శాతం తగ్గింపు ప్రకటించింది. అది పోటీ వల్ల వచ్చిన మేలు. పోటీదారులు పోయాక కూడా ఆ తగ్గింపు నిలుస్తుందా అన్నదే నా సందేహం.

చిన్న వ్యాపారులంతా నిర్దోషులని కూడా అనలేను. కంపెనీ కొత్త స్టాకిస్టును పెట్టుకోవాలంటే వ్యాపారుల సంఘం నిరభ్యంతర పత్రం కావాలనే కట్టుబాటు ఉండేది. కటక్‌లోని ఒక ఏజెన్సీ ఫిర్యాదుపై, ఇది పోటీ చట్టానికి విరుద్ధమని కమిషన్ 2013 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. దారి మూసేది పెద్దవాడైనా, సంఘమైనా నష్టపోయేది మనమే.

మన పిల్లలున్న అమెరికాలో ఈ వ్యవహారం ముదిరిపోయింది. బీమా కంపెనీకి, బీమా తరఫున మందుల బిల్లులు తేల్చే సంస్థకు, దుకాణానికి అక్కడ ఒకే యజమాని ఉంటున్నాడు. అటువంటి బిల్లుల సంస్థల్లో పెద్దవి మూడే దాదాపు 80 శాతం చీటీలను చూస్తున్నాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో తెలిపింది. ఆ సంస్థలు దుకాణాలు నడపరాదని ఆర్కన్సా రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో చట్టం చేస్తే, జూలైలో కోర్టు దాని అమలును ఆపింది. ముడి బిగిశాక విప్పడం ఎంత కష్టమో చూడండి.

కావున మన సంఘం తరఫున మూడు కోరికలు ప్రభుత్వం ముందు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, మందులు ఇక్కడే కొనాలన్న నిర్బంధం లేదని ప్రతి ఆసుపత్రిలో తెలుగులో బోర్డు ఉండాలి. రెండు, చీటీలో బ్రాండుతో పాటు మందు అసలు పేరు రాయాలి. మూడు, మందుల సంస్థలు విలీనమైనప్పుడు దేశం మొత్తం లెక్క ఒక్కటే చూడక, మన వంటి మండలాలలో ఎన్ని దుకాణాలు మిగులుతాయో కూడా విచారించాలి.

మనం చేయగలిగినదీ ఉన్నది. ప్రతి కొనుగోలుకు బిల్లు అడగండి. ధరల సంస్థ వారి ఫార్మా సహీ దామ్ యాప్‌లో మనవడి చేత గరిష్ఠ ధర చూపించుకోండి. జన ఔషధి మందు సరిపోతుందా అని డాక్టరుగారిని నిస్సంకోచంగా అడగండి. అడగకుండా మాత్రం మందు మార్చవద్దు.

అర్ధరాత్రి ఆయాసం వస్తే తలుపు తట్టగానే షట్టరు ఎత్తే మనిషి ఊళ్ళో ఉండాలి. నచ్చకపోతే నడిచిపోవడానికి రెండో దుకాణం కూడా ఉండాలి. ఈ రెండూ మిగిలి ఉండేటట్లు చూడడమే మన పని.