ల్యాప్‌టాప్ మూత విప్పడం మనం కూడా నేర్చుకోవాలె

(యువ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోడు పట్టాల గురించి, గ్రామసభ అధికారాల గురించి మాట్లాడుకునే చోట హార్డ్‌డిస్కుల ముచ్చట, హ్యాకర్ల ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. మీ ఊరి అటవీ హక్కుల కమిటీ కాయితాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నయి? ఒకప్పుడు పటేల్ ఇంట్లో రేకు పెట్టెలో ఉండేవి. ఇప్పుడు క్లెయిమ్ ఫారాల ఫొటోలు ఒక తమ్ముని ఫోన్‌లో ఉన్నయి. గ్రామసభ తీర్మానాలు ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నయి. జీపీఎస్ కొలతలు వాట్సాప్ గ్రూపులో ఉన్నయి. అంటే మన భూమికి సాక్ష్యం యంత్రంలోకి పోయింది. ఆ యంత్రం మన అదుపులో ఉన్నదా లేదా అన్నది ఇక కంప్యూటర్ సార్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, మన భూమికి సంబంధించిన విషయం.

ఇదేదో భయపెట్టడానికి చెప్తున్నది కాదు. జరిగిన సంగతి ఒకటి మీ ముందు పెడ్త.

భీమా కోరేగావ్ కేసు గురించి మీరు వినే ఉంటరు. ఆ కేసులో ఢిల్లీకి చెందిన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పుణె పోలీసులు 2018 ఏప్రిల్ 17న స్వాధీనం చేసుకున్నరు. అందులో దొరికాయన్న ఉత్తరాలే కేసుకు ముఖ్యమైన ఆధారాలు అయినయి. తర్వాత ఆ హార్డ్‌డిస్క్ నకలును నిందితుల లాయర్లు అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థకు ఇచ్చిన్రు. 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థ నివేదిక బయటికి వచ్చింది. అందులో ఏం చెప్పిన్రంటే, 2016 జూన్ 13న విల్సన్‌కు తెలిసినవాళ్ల ఈమెయిల్ ఖాతా నుంచి ఒక మెయిల్ వచ్చింది. అందులో ఉన్న డాక్యుమెంట్‌ను తెరిచిన్రు. పైకి కనబడింది మామూలు డాక్యుమెంటే. దాని వెనుక నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం కంప్యూటర్‌లో దిగింది. దాదాపు 22 నెలలు ఆ కంప్యూటర్ వేరేవాళ్ల చేతుల్లో ఉన్నది. వాళ్లు ఒక దాచిన ఫోల్డర్ తయారుచేసి, అందులో ఆ ఉత్తరాలను పెట్టిన్రు.

ఈ సంగతి ఎట్ల తెలిసింది? ఆ ఉత్తరాలను పీడీఎఫ్‌గా మార్చిన మైక్రోసాఫ్ట్ వర్డ్, విల్సన్ కంప్యూటర్‌లో ఉన్న వర్డ్ కన్నా కొత్తది. ఆ కంప్యూటర్ మీద ఆ ఫైళ్లను ఎవరైనా తెరిచిన ఆనవాలు కూడా కనబడలేదు. అడవిలో అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో మన పెద్దలు చెప్తరు గదా, ఇది కూడా అసొంటి విద్యే.

ఇక ఫాదర్ స్టాన్ స్వామి. ఝార్ఖండ్‌లో ఆదివాసుల భూమి కోసం, విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం పనిచేసిన మనిషి. 2020 అక్టోబర్‌లో ఎన్ఐఏ ఆయనను అరెస్టు చేసింది. బెయిల్ రాకుండానే 2021 జులై 5న, 84 ఏళ్ల వయసులో ముంబైలోని ఆసుపత్రిలో కన్నుమూసిన్రు. ఆయన కంప్యూటర్ మీద ఆర్సెనల్ నివేదిక 2022 డిసెంబర్‌లో వచ్చింది. 2014 నుంచే ఆ కంప్యూటర్‌లోకి చొరబడి ఫైళ్లు పెట్టిన్రని, 2019 జూన్ 12న పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకోవడానికి ఒక్క రోజు ముందు, జూన్ 11న, తమ జాడలు తుడిచేసే ప్రయత్నం చేసిన్రని అందులో ఉన్నది. ఆ నివేదిక వచ్చేనాటికి ఆయన లేరు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలె. ఈ నివేదికలను ఎన్ఐఏ ఒప్పుకోలేదు. విచారణ పూర్తయి కోర్టు తేల్చలేదు. చొరబడ్డది ఎవరని ఆర్సెనల్ కూడా పేరు పెట్టి చెప్పలేదు. మనం కూడా తెలిసినంతవరకే మాట్లాడాలె. కానీ మనకు కావలసిన పాఠం తీర్పు వచ్చేదాకా ఆగదు. తెలిసినవాళ్ల పేరు మీద వచ్చిన ఒక్క మెయిల్, కొంత డబ్బు పెడితే ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోగలిగిన ఒక ప్రోగ్రాం. ఇంత చాలు, మన పెట్టెలో మనం రాయని కాయితం పెట్టడానికి.

మరి ఈ గుట్టు విప్పింది ఎవరు? మూత తీసి లోపల చూసే అలవాటు ఉన్నవాళ్లు. అసలు హ్యాకర్ అన్న మాటకు మొదటి అర్థం అదే. 1950ల చివర అమెరికాలోని ఎంఐటీలో, ఆట రైలుబండ్ల క్లబ్బులో వైర్లు విప్పి మళ్లీ కొత్తగా కలిపే విద్యార్థుల నుంచి ఆ మాట పుట్టింది. వస్తువు ఎట్ల పనిచేస్తదో విప్పి చూసి, దానితో కొత్త పని చేయించేవాడు హ్యాకర్. ఖాతాలోంచి డబ్బులు కొట్టేసేవాన్ని హ్యాకర్ అనడం తర్వాత వచ్చిన వాడుక.

జర్మనీలో 1981లో పుట్టిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం ఉన్నది. వాళ్ల సూత్రం మనకు బాగా పనికొస్తది: ప్రజలకు సంబంధించిన సమాచారం బయట ఉండాలె, మనుషుల సొంత సమాచారం భద్రంగా ఉండాలె. 1984లో జర్మనీ పోస్టల్ శాఖ నడిపిన బీటీఎక్స్ అనే వ్యవస్థలో లొసుగు ఉన్నదని నిరూపించడానికి, ఒక బ్యాంకు ఖాతా వాడి ఒక్క రాత్రిలో సుమారు 1,35,000 మార్కులు తమ పేరు మీద రాబట్టిన్రు. వెంటనే పత్రికలకు చెప్పి, ఆ డబ్బు వాపస్ ఇచ్చేసిన్రు.

2011లో వాళ్లు చేసిన పని మనకు ఇంకా దగ్గరిది. నిందితుల కంప్యూటర్లలో జర్మనీ అధికారులు పెట్టిన నిఘా ప్రోగ్రాం ఉన్న హార్డ్‌డిస్కులు వాళ్ల చేతికొచ్చినయి. విప్పి చూసిన్రు. చట్టం ఒప్పుకున్నది ఇంటర్నెట్ కాల్స్ వినడం వరకే. ఆ ప్రోగ్రాం మాత్రం బయటి నుంచి ఇంకో ప్రోగ్రాంను తెచ్చి ఆ కంప్యూటర్‌లో నడపగలదు. అంటే ఫైళ్లు పెట్టడానికి కూడా దారి ఉన్నట్టే. పైగా దానికి వేసిన తాళం ఎంత నాసిరకందంటే, మూడోవాడు కూడా దాన్ని వాడుకోవచ్చు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అప్పటికే, 2008లో, మనిషి వాడే కంప్యూటర్ గోప్యతను, అందులోకి వేరేవాళ్ల చేయి పడకుండా ఉండటాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించింది. హక్కు కాయితం మీద ఉంటే చాలదు, అది నడుస్తున్నదా లేదా అని విప్పి చూసేవాళ్లు కూడా ఉండాలె. అటవీ హక్కుల చట్టం వచ్చినంక మనకు తెలిసింది కూడా ఇదే గదా!

ఇప్పుడు పనికి వద్దాం.

మొదటిది యంత్రం. ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ వేయిస్తే కమిటీ పనికి ఇంకొన్నేండ్లు వస్తది. అసలు ప్రమాదం షాపులో ఉచితంగా వేసిచ్చే క్రాక్ విండోస్‌తో ఉన్నది. తాళం పగలగొట్టే ఆ ప్రోగ్రాంలోనే దొంగ దాగి రావచ్చు. విండోస్ 7కు 2020 జనవరితో, విండోస్ 10కు 2025 అక్టోబర్‌తో మామూలు మద్దతు ఆగిపోయింది. అంటే కొత్తగా బయటపడిన లొసుగులను పూడ్చేవాళ్లు లేరు. అసొంటి యంత్రాల మీద లినక్స్ మింట్ లాంటిది వేసుకోండి. పైసా ఖర్చు లేదు, తెలుగు టైపింగ్ కూడా వస్తది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు ఏండ్ల తరబడి ఈ పని మీదే ఉన్నయి.

రెండోది డిస్క్. డిలీట్ కొట్టంగనే ఫైల్ పోయిందనుకోకండి. రిజిస్టర్‌లోంచి పేరు కొట్టేసినా ఇల్లు అక్కడే ఉంటది గదా, అట్ల. ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు అడిగే పాస్‌వర్డ్ కూడా డిస్క్‌ను కాపాడదు. డిస్క్ ఊడబీకి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అన్నీ కనబడ్తయి. అందుకే మొదటి రోజే మొత్తం డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలె. లినక్స్ వేసేటప్పుడే ఆ అవకాశం అడుగుతది. విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్ ఉంటది. పెన్‌డ్రైవ్‌లకు ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ ఉన్నది. కానీ గుర్తుపెట్టుకోండి, ఈ తాళం దొంగతనం నుంచి కాపాడ్తది. నడుస్తున్న కంప్యూటర్‌లో కూర్చున్న దొంగ ప్రోగ్రాం నుంచి కాపాడదు.

మూడోది మెయిల్, లింకు. తెలిసినవాళ్ల నుంచి వచ్చిందని నమ్మకండి. అనుకోని ఫైల్ వస్తే ఫోన్ చేసి "అన్నా, నువ్వే పంపినవా?" అని అడుగుడే. విండోస్‌లో ఫైల్ పేరు చివరి అక్షరాలు కనబడేట్టు సెట్టింగ్ మార్చుకోండి. డాక్యుమెంట్ అని చెప్పి చివరన ఈఎక్స్ఈ అని ఉంటే ముట్టుకోకండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అన్నచోట మీది కాని యంత్రం ఉన్నదేమో వారానికోసారి చూడండి. కమిటీ రికార్డులు పెట్టే ల్యాప్‌టాప్‌ను వీలైతే ఇంటర్నెట్‌కు కలపకండి.

నాలుగోది మూడు నకళ్లు. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి వేరే డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో. చెద పురుగుకూ వానకూ హ్యాకర్ అవసరం లేదు.

ఐదోది చాలామందికి తెలియనిది. అనుమానం వచ్చినప్పుడు ఫార్మాట్ కొట్టించకండి. షాపుకు పోతే మొట్టమొదట చెప్పే సలహా అదే. ఫార్మాట్ చేస్తే దొంగతో పాటు దొంగ అడుగుజాడ కూడా పోతది. ఇంటర్నెట్ తీసేసి, వాడకుండా పక్కన పెట్టి, ఫోరెన్సిక్ తెలిసినవాళ్లకు ఇవ్వండి. విల్సన్ డిస్క్ నకలు మిగిలింది కాబట్టే లోపల ఏం జరిగిందో వెతకగలిగిన్రు.

చివరగా హాష్. ఇది ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. షా-256 అనే లెక్క ఏ ఫైల్‌కైనా, ఏ డిస్క్‌కైనా 64 అక్షరాల గుర్తు ఇస్తది. లోపల ఒక్క కామా మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతది. గ్రామసభ తీర్మానం స్కాన్ చేసిన రోజే హాష్ తీసి రిజిస్టర్‌లో రాసి సంతకాలు పెట్టించండి. విండోస్‌లో సెవెన్‌-జిప్ వేసుకుంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి చూడొచ్చు. రేపు ఎవరైనా ఫైల్ మార్చిన్రంటే మీ రిజిస్టరే జవాబు చెప్తది.

పోలీసులు యంత్రాన్ని స్వాధీనం చేసుకుంటే, అక్కడికక్కడే హాష్ తీసి పంచనామాలో రాయమని అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయించండి, మీ లాయర్‌కు చెప్పండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టాల ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలె. అది నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ ఉండాలె. అది సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63. అయితే హాష్ కాపాడేది స్వాధీనం తర్వాత జరిగే మార్పుల నుంచే. అంతకుముందే ఎవరైనా లోపల ఏదైనా పెట్టి ఉంటే హాష్ దాన్ని కూడా నిజమన్నట్టే లెక్కిస్తది. ఆర్సెనల్ నివేదికలు చెప్పింది అసొంటి సంగతే. అందుకే ముందు తలుపు మన జాగ్రత్తతో, వెనుక తలుపు హాష్‌తో మూయాలె. రెండూ కావాలె.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక హెచ్చరిక. విప్పి చూసేది మన యంత్రాన్నే. వేరేవాళ్ల ఖాతాలోకి దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేండ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఉద్యమానికి అసొంటి వీరత్వం అక్కర్లేదు. మండలానికి ఇద్దరు, అందులో ఒక్క ఆడపిల్లయినా, ల్యాప్‌టాప్ మూత విప్పి డిస్క్ మార్చడం, లినక్స్ వేయడం, హాష్ తీయడం నేర్చుకుంటే చాలు.

మన తాతలు పట్వారీ రాసిన కాయితం చదవరాక భూములు పోగొట్టుకున్నరు. ఈ తరానికి అక్షరం వచ్చింది, కానీ కాయితమే మారిపోయింది. ఈ కొత్త కాయితం చదవడం ఈ వారమే మొదలుపెట్టండి. మీ కమిటీ ల్యాప్‌టాప్‌లో క్రాక్ విండోస్ ఉన్నదా, డిస్క్‌కు తాళం ఉన్నదా, రెండో నకలు ఎక్కడున్నది అని ఈ మూడు ప్రశ్నలు వచ్చే గ్రామసభలోనే అడగండి.